కుర్ర డిఫెండర్లని నమ్ముకుందామా, ట్రేడ్ చేసి పెద్దవాళ్లని తెచ్చుకుందామా? (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని డల్లాస్ స్టార్స్, 2025 వేసవి)

ఫ్రిస్కో_బ్లూలైన్:
మన డిఫెండర్ కోడీ సీసీ లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోయాడు. ఇంకో డిఫెండర్ మాట్ డుంబాని పిట్స్‌బర్గ్‌కి పంపేశాం. అప్పట్నుంచి ఏ పాడ్‌కాస్ట్ విన్నా ఒకటే పాట: కుడిచేతి డిఫెండర్ ఒకణ్ణి ట్రేడ్‌లో పట్టుకురావాలి. సరే, తేవాలంటే ఏమివ్వాలి? ఫస్ట్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే హక్కులు) మన చేతిలో పెద్దగా లేవు. 2025ది సీసీ, గ్రాన్‌లండ్‌ల కోసం సాన్ హోసేకి పోయింది. 2026ది, 2028ది స్టార్ ఫార్వర్డ్ రాంటనెన్ కోసం కరొలైనాకి రాసిచ్చాం, పైగా కుర్ర ఫార్వర్డ్ స్టాంకోవెన్‌ని కూడా. అందుకే అందరూ తిరిగి తిరిగి మన కుర్ర డిఫెండర్ లియాన్ బిక్సెల్ పేరు దగ్గరికే వస్తున్నారు.

నాకు ఇది అస్సలు మింగుడుపడటం లేదు. బిక్సెల్‌కి 21 ఏళ్లు. 2022లో 18వ పిక్‌గా తీసుకున్నాం. ఆ పొడవు, ఆ బరువు ఉండి కూడా అంత నున్నగా స్కేటింగ్ చేసే కుర్రాడు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడు? ఇలాంటివాణ్ణి రెండేళ్లు ఓపిక పట్టి చూడకుండా, 31 ఏళ్ల ఇంకొకడి కోసం ఇచ్చేయడం ఏ రకంగా సబబు?

మనకు కళ్లెదురుగా మన డిఫెండర్ థామస్ హార్లీ ఉన్నాడు. అతణ్ణి కూడా 2022లో "ఇక లాభం లేదు, విలువ ఉన్నప్పుడే అమ్మేయండి" అన్నవాళ్లు తక్కువేమీ లేరు. అప్పుడు అమ్మేసి ఉంటే ఈ మే నెలలో విన్నిపెగ్ మీద ఆరో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో గోల్ ఎవరు కొట్టేవాళ్లు?

కప్పు_కావాలి:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఒక్క విషయం చెప్పండి. 2023లో వెగాస్ చేతిలో, 2024లో ఎడ్మంటన్ చేతిలో, 2025లో మళ్లీ ఎడ్మంటన్ చేతిలో. వరసగా మూడేళ్లు కాన్ఫరెన్స్ ఫైనల్ (కప్పు ఫైనల్‌కి ముందు రౌండ్) దాకా వచ్చి ఆగిపోయాం. మన ప్రధాన డిఫెండర్ హైస్కనెన్‌కి 26 వచ్చేశాయి. రాంటనెన్‌కి ఏడాదికి 1.2 కోట్ల డాలర్లు ఇస్తున్నాం. బెన్, డుషేన్ ఇంకెన్నాళ్లు ఆడతారు? బిక్సెల్ 24 ఏళ్లకి గొప్పవాడవుతాడేమో, కానీ అప్పటికి ఈ జట్టు ఉంటుందా?

మనకున్న ఒకే ఒక్క స్టాన్లీ కప్పు (లీగ్ టైటిల్), 1999ది, ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. 1995 డిసెంబర్‌లో ఇగిన్లా అనే కుర్రాణ్ణి కాల్గరీకి ఇచ్చి జో న్యూవెండైక్‌ని తెచ్చుకున్నాం. ఇగిన్లా హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడయ్యాడు. అయినా డల్లాస్‌లో ఎవరైనా ఆ ట్రేడ్‌ని తిడతారా? 1999 ప్లేఆఫ్స్‌లో కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు) న్యూవెండైక్‌కే వచ్చింది. భవిష్యత్తుని అమ్మి కప్పు కొనుక్కున్నాం, అంతే.

ఫ్రిస్కో_బ్లూలైన్:
ఇగిన్లా ఫార్వర్డ్ కదా తమ్ముడూ. నేను మాట్లాడేది డిఫెండర్ల గురించి. రెండూ ఒకటి కాదు.

కొత్తగా_చూస్తున్నా:
నమస్కారం అందరికీ. మేము అర్వింగ్‌లో ఉంటాం, మా పాప ఫ్రిస్కోలో స్కేటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక నేనూ ఈ ఆట చూడటం మొదలుపెట్టాను. ఒక చిన్న సందేహం. ఫార్వర్డ్‌లు 19, 20 ఏళ్లకే స్టార్లు అయిపోతున్నారు. వయాట్ జాన్‌స్టన్‌ని చూశాం. డిఫెండర్ల విషయంలో మాత్రం అందరూ "ఓపిక పట్టాలి, ఇంకా టైమ్ పడుతుంది" అంటారు. ఎందుకలా? ఇద్దరూ ఆడేది ఒకే మంచు మీదే కదా?

సీడర్‌పార్క్_గ్యాలరీ:
మంచి ప్రశ్న అడిగారు అక్కా. మేము సీడర్ పార్క్‌లో ఉంటాం, ఆస్టిన్ పక్కనే. డల్లాస్‌కి అనుబంధంగా ఉండే టెక్సస్ స్టార్స్ మా ఊళ్లోనే ఆడతారు. 2022–23 సీజన్‌లో హార్లీ దాదాపు మొత్తం ఇక్కడే ఉన్నాడు. అంతకుముందు ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో 30కి పైగా మ్యాచ్‌లు ఆడి మళ్లీ కిందికి రావడమంటే ఏ కుర్రాడికైనా టెన్షనే. నేను గ్లాసుకి దగ్గరగా, గోల్ వెనక మూల వైపు కూర్చునేదాన్ని. అక్కడ నుంచి చూస్తే డిఫెండర్ పని ఏంటో బాగా తెలుస్తుంది.

అవతలివాళ్లు పక్‌ని (ఆడే రబ్బరు బిళ్లని) మన మూలలోకి కొట్టేసి వెనకాలే దూసుకొస్తారు. మన డిఫెండర్ వాళ్లకి వీపు పెట్టి, బోర్డు వైపు తిరిగి పక్ అందుకోవాలి. వెనక ఎవడొస్తున్నాడో కనబడదు. అందుకోక ముందే భుజం మీదుగా ఒకసారి చూసుకోవాలి, ఎటు తిప్పాలో అప్పుడే తేల్చుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే గుద్ది బోర్డుకి నొక్కేస్తారు. తొందరపడి మధ్యలోకి విసిరితే నేరుగా ప్రత్యర్థి కర్రకి తగులుతుంది, అది గోల్. ఫార్వర్డ్ తప్పు చేస్తే వెనక ఇంకా ఇద్దరు డిఫెండర్లుంటారు. డిఫెండర్ తప్పు చేస్తే వెనక గోలీ ఒక్కడే.

ఆ సీజన్ మొదట్లో హార్లీ భుజం మీదుగా ఒక్కసారే చూసేవాడు. పక్ అందాక రెండోసారి వెతుక్కునేవాడు, ఆ లోపే మీద పడేవాళ్లు. ఫిబ్రవరి వచ్చేసరికి పక్ దగ్గరికి వెళ్లే దారిలోనే రెండు సార్లు తల తిప్పేవాడు. ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచి కుడికి తిరిగి వచ్చేసేవాడు. మీద పడేవాడు గాల్లో ఉండిపోయేవాడు. ఇది ఎవరో చెబితే వచ్చేది కాదు. రాత్రి తర్వాత రాత్రి అదే మూలలో దెబ్బలు తిని నేర్చుకునేది. ఆ వసంతంలో డల్లాస్ పిలిచింది, ప్లేఆఫ్స్‌లో 19 మ్యాచ్‌లూ ఆడాడు.

కొత్తగా_చూస్తున్నా:
చాలా థాంక్స్ అండి. క్రికెట్‌లో వికెట్ కీపర్ లాగా అన్నమాట. బాగా చేసినన్ని రోజులు ఎవరూ పట్టించుకోరు, ఒక్కటి వదిలేస్తే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

మిస్సిసాగా_మావయ్య:
హార్లీ పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. అతను పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో అయినా జూనియర్ హాకీ ఆడింది మా మిస్సిసాగా స్టీల్‌హెడ్స్‌కే. ఆ జట్టు ఇప్పుడు బ్రాంప్టన్‌కి మారిపోయింది, అది వేరే బాధ.

నేను టొరంటో జట్టు లీఫ్స్ అభిమానిని. కుర్ర డిఫెండర్ల విషయంలో ఓపిక లేకపోతే ఏమవుతుందో మాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1989లో మావాళ్లు టామ్ కర్వర్స్ అనే డిఫెండర్ కోసం న్యూజెర్సీకి 1991 ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చారు. కర్వర్స్ చెడ్డ ఆటగాడేమీ కాదు. కానీ టొరంటోలో నిండా రెండు సీజన్లు కూడా లేడు. ఆ పిక్ మూడో నంబర్ అయింది. న్యూజెర్సీ దానితో స్కాట్ నీడర్మయర్‌ని తీసుకుంది. న్యూజెర్సీతో మూడు కప్పులు, తర్వాత అనాహైమ్‌తో ఇంకొకటి. 1967 తర్వాత కప్పు ముఖం చూడని ఊరికి ఇది ఎలాంటి గాయమో ఆలోచించండి.

"అప్పుడు పిక్ ఎవరవుతాడో ఎవరికి తెలుసు" అంటారు. తెలియదు, నిజమే. తెలియనప్పుడు అమ్మకూడదన్నదే నా వాదన. బిక్సెల్ విషయంలో తెలియనిది కూడా అంత లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు, ప్లేఆఫ్స్‌లో ఆడాడు, తట్టుకుని నిలబడ్డాడు.

కప్పు_కావాలి:
మావయ్య గారూ, మీరు ఒక్క నీడర్మయర్‌ని చూపిస్తున్నారు. నమ్మి మునిగిపోయిన కేసులు ఎవరు చెబుతారు? జూలియస్ హోంకాని ఎవరూ ఎత్తరేం?

పాత_స్టార్స్_ప్లానో:
నేను ఎత్తుతాను. డల్లాస్ పాత స్టేడియం రీయూనియన్ అరీనా రోజుల నుంచి చూస్తున్నవాణ్ణి.

హోంకా 2014లో 14వ పిక్. కుడిచేతి డిఫెండర్, చకచకా కదిలేవాడు, పక్ మీద మంచి చెయ్యి. మూడు నాలుగేళ్లు ఎదురుచూశాం. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతనివి 90 మ్యాచ్‌లు కూడా లేవు. చివరికి ఎవరూ పెద్ద ధర ఇచ్చి కొనే పరిస్థితి కూడా మిగల్లేదు. కాబట్టి నమ్మకం పెట్టుకున్న ప్రతి కుర్రాడూ హైస్కనెన్ అవుతాడని ఎవరైనా అంటే ఒప్పుకోను.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. 2011 ఫిబ్రవరిలో మనం జేమ్స్ నీల్‌ని, మాట్ నిస్కనెన్‌ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చి గోలిగోస్కీ అనే డిఫెండర్‌ని తెచ్చుకున్నాం. నిస్కనెన్ 2005లో మన ఫస్ట్ రౌండ్ పిక్. అప్పటికి అతనికి 24 ఏళ్లు, ఆట కొంచెం కింద పడి ఉంది. అందరూ అతణ్ణి ఆ ట్రేడ్‌లో తోడు ఇచ్చిన వస్తువులాగే చూశారు. పిట్స్‌బర్గ్‌లో నిలదొక్కుకున్నాడు, తర్వాత వాషింగ్టన్ వెళ్లి 2018లో కప్పు ఎత్తాడు, టాప్ జోడీలో ఆడి. నీల్ మరుసటి సీజన్‌లోనే 40 గోల్స్ కొట్టాడు. గోలిగోస్కీ మనకి బాగానే ఆడాడు, అతన్ని ఏమీ అనను. కానీ డిఫెండర్ విలువ పడిపోయిన రోజున అమ్మితే ఎంత పోగొట్టుకుంటామో ఈ ఒక్క ట్రేడ్ చాలు చెప్పడానికి.

నేను దీన్నుంచి తెలుసుకున్నది ఇదీ: హోంకాని నమ్మడం వల్ల మనకు పోయింది ఒక్క పిక్, కొంత సమయం. నిస్కనెన్‌ని అమ్మడం వల్ల పోయింది పదేళ్ల డిఫెండర్. రెండు నష్టాలూ ఒకే బరువు కావు.

ఇంకోటి. 1999 జట్టుని ట్రేడ్‌ల జట్టు అని ఎప్పుడూ అనేస్తారు. ఆ డిఫెన్స్‌ని సరిగ్గా చూడండి. జుబోవ్ పిట్స్‌బర్గ్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు, సిడోర్ లాస్ ఏంజెలెస్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు. ఒప్పుకుంటాను. కానీ డేరియన్ హాచర్ 1990లో మన ఎనిమిదో పిక్, మాట్విచుక్ 1992లో మళ్లీ ఎనిమిదో పిక్. ఇద్దరూ ఫ్రాంచైజీ మిన్నెసోటాలో ఉన్నప్పుడు తీసుకున్నవాళ్లే. హాచర్ కెప్టెన్‌గా ఆ కప్పు ఎత్తాడు. జుబోవ్ కోసం ఇచ్చింది ఎవర్ని? కెవిన్ హాచర్‌ని, అప్పటికే 30 నిండబోతున్న వెటరన్‌ని. ఇచ్చింది పాత డిఫెండర్, తెచ్చింది 25 ఏళ్ల డిఫెండర్. ఆ ట్రేడ్ చేయమంటే ఇప్పుడూ నేను ముందు వరసలో నిలబడతాను.

క్యాప్_లెక్కలు:
డబ్బు సంగతి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను.

2025–26కి క్యాప్ (జట్టు మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) 9.55 కోట్ల డాలర్లు. మనవాళ్లలో రాంటనెన్ 1.2 కోట్లు. హైస్కనెన్ 84.5 లక్షలు, జాన్‌స్టన్ 84 లక్షలు, గోలీ ఓటింజర్ 82.5 లక్షలు. హార్లీ ప్రస్తుతం 40 లక్షలకే ఆడుతున్నాడు, ఆ ఒప్పందం ఈ సీజన్‌తో అయిపోతుంది. అతని తర్వాతి ఒప్పందం హైస్కనెన్‌ది దాటినా నేను ఆశ్చర్యపోను. ఫార్వర్డ్ రాబర్ట్‌సన్‌ది కూడా 2026లోనే అయిపోతుంది.

ఇలాంటి జట్టులో కొత్తవాడి మొదటి ఒప్పందం బంగారం. బిక్సెల్ దగ్గరదగ్గర పది లక్షల డాలర్లకి మూడో జోడీ ఆడతాడు. ట్రేడ్‌లో తెచ్చే వెటరన్‌కి 40, 50 లక్షలు ఇవ్వాలి. ఆ తేడా ఎక్కడ నుంచి తెస్తారు? ఇంకో ఫార్వర్డ్‌ని వదులుకోవాలి. అంటే మీరు డిఫెండర్ కోసం ఇచ్చేది బిక్సెల్‌ని ఒక్కణ్ణే కాదు, బిక్సెల్‌నీ ఇంకొకర్నీ.

సీసీకి లాస్ ఏంజెలెస్ నాలుగేళ్లు, ఏడాదికి 45 లక్షలు ఇచ్చింది. మార్కెట్ అలా ఉంది.

కప్పు_కావాలి:
లెక్క బాగుంది. మరి ఫ్లోరిడా సంగతేంటి? 2025 మార్చి 1న డిఫెండర్ సెత్ జోన్స్‌ని చికాగో నుంచి తెచ్చుకున్నారు, జూన్‌లో కప్పు ఎత్తారు. వాళ్లు "మా కుర్రాళ్లు ఎదుగుతారు" అని కూర్చోలేదు.

ఫ్రిస్కో_బ్లూలైన్:
వాళ్లు ఏమిచ్చారో కూడా చెప్పు. స్పెన్సర్ నైట్ అనే గోలీని, ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని. ముందు బాబ్రోవ్‌స్కీ ఉన్నాడు కాబట్టి నైట్‌కి అక్కడ ఆడే చోటే లేదు. ఎక్కువ ఉన్న చోట నుంచి తీసి తక్కువ ఉన్న చోట పెట్టారు. అది తెలివైన ట్రేడ్, కాదనను. వచ్చింది కూడా నాలుగు నెలల అద్దె ఆటగాడు కాదు, ఒప్పందంలో ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నవాడు.

అదే జట్టులో ఫోర్స్‌లింగ్ ఎలా వచ్చాడో తెలుసా? 2021 జనవరిలో కరొలైనా వేవర్స్‌లో పెడితే (అంటే ఏ జట్టైనా తీసుకోవచ్చని వదిలేస్తే) ఉత్తినే తీసుకున్నారు. అప్పటికి 24 ఏళ్ల డిఫెండర్, రెండు మూడు సంస్థలు వదిలేసినవాడు. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎదురుదాడుల్ని ఆపడంలో అతని కంటే మెరుగైనవాళ్లు ఎంతమంది? డిఫెండర్లు ఆలస్యంగా తయారవుతారనడానికి ఫోర్స్‌లింగ్ కంటే ఏం సాక్ష్యం కావాలి?

ఎడ్మంటన్_చలిగాలి:
రెండేళ్లు వరసగా మిమ్మల్ని ఇంటికి పంపిన ఊరి నుంచి రాస్తున్నాను, కోపగించుకోకండి. మా దగ్గర ఈ రెండు రకాలూ జరిగాయి, అందుకే చెప్పాలనిపించింది.

2023 ఫిబ్రవరి చివర్లో నాష్‌విల్ నుంచి డిఫెండర్ ఎక్‌హోమ్‌ని తెచ్చారు. టైసన్ బారీ, రీడ్ షేఫర్, ఫస్ట్ రౌండ్ పిక్, ఇంకా ఒక నాలుగో రౌండ్ పిక్ ఇచ్చారు. అందరూ ఎక్‌హోమ్ గురించే మాట్లాడతారు. నిజంగానే గొప్పగా ఆడాడు. కానీ ఆ ట్రేడ్‌లో అసలు విషయం బారీ వెళ్లిపోవడం. మొదటి పవర్‌ప్లేలో (అవతలివాళ్లకి ఒక ఆటగాడు తక్కువైనప్పుడు) బ్లూలైన్ మీద చోటు ఖాళీ అయింది, అది ఎవాన్ బూషార్డ్‌కి వచ్చింది. బూషార్డ్ 2018లో మా పదో పిక్. అప్పటిదాకా ఊళ్లో సగం మంది అతన్ని తిట్టిపోసేవాళ్లు, పక్ పోగొడతాడని. పక్కన ఎక్‌హోమ్ లాంటి పెద్దదిక్కు నిలబడేసరికి వాడికి ధైర్యం వచ్చింది. మరుసటి ఏడాది 82 పాయింట్లు, 2024 ప్లేఆఫ్స్‌లో 25 మ్యాచ్‌ల్లో 32 పాయింట్లు.

అంటే ట్రేడూ చేశారు, కుర్రాణ్ణీ నమ్మారు. ట్రేడ్ కుర్రాడి చోటు లాక్కోలేదు, కుర్రాడికి చోటు ఇచ్చింది. మీరు వెటరన్‌ని తెస్తే చూసుకోవలసింది అదే.

రెండోది ఫిలిప్ బ్రోబర్గ్. 2019లో ఎనిమిదో పిక్. మూడేళ్లపాటు పైకీ కిందికీ తిప్పారు. ఆడిస్తే పది నిమిషాలు, ఒక తప్పు చేస్తే తర్వాతి మ్యాచ్ బయట. 2024 కాన్ఫరెన్స్ ఫైనల్లో మీ మీద మధ్యలో దించారు, ఐదో మ్యాచ్‌లో గోల్ కొట్టాడు, చాలా ప్రశాంతంగా ఆడాడు. అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఆగస్టులో సెయింట్ లూయిస్ ఏడాదికి దాదాపు 46 లక్షలతో ఆఫర్ షీట్ పెట్టింది, అంటే మావాళ్లు అంతే ఇవ్వాలి, లేదా వదులుకోవాలి. మావాళ్లు చోటు కోసం సీసీని సాన్ హోసేకి కూడా పంపారు, అయినా చివరికి సరితూగలేదు. ఒక సెకండ్ రౌండ్ పిక్ తీసుకుని వదిలేశారు. ఇప్పుడు వాడు సెయింట్ లూయిస్‌లో టాప్ ఫోర్ డిఫెండర్. 

అమ్మకపోయినా నమ్మకపోతే కూడా పోతారు కుర్రాళ్లు. బిక్సెల్‌ని ఉంచుకుని రాత్రికి పది నిమిషాలే ఆడిస్తే మీకూ అదే జరగొచ్చు.

సీడర్‌పార్క్_గ్యాలరీ:
ఇది చాలా ముఖ్యమైన మాట. జట్టులో ఉంచుకోవడం, నమ్మడం రెండూ వేరు. లుండ్‌క్విస్ట్ విషయంలో మనం చేసింది ఇదే కదా. 2022 సెప్టెంబర్‌లో రేంజర్స్‌కి ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చి మరీ తెచ్చుకున్నాం, కుడిచేతి కుర్ర డిఫెండర్ అని. తీరా 2024 ప్లేఆఫ్స్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టినంత పని చేశారు. హైస్కనెన్, టానెవ్, లిండెల్ మాత్రం రాత్రంతా ఆడి ఆడి అలిసిపోయారు. అంత ధర పెట్టి తెచ్చిన కుర్రాణ్ణి షిఫ్ట్‌కి పంపడానికి భయపడితే ఇంక తేవడం దేనికి?

కప్పు_కావాలి:
అప్పటి కోచ్ డీబోర్ భయపడ్డాడంటే కారణం ఉంది. లుండ్‌క్విస్ట్‌ని ఎడ్మంటన్ స్టార్ మక్‌డేవిడ్ మీదికి పంపుతారా మీరు?

సీడర్‌పార్క్_గ్యాలరీ:
మక్‌డేవిడ్ మీదికి కాదు. వాళ్ల మూడో, నాలుగో లైన్ మీదికి. అవి కూడా ఆడించాల్సిన నిమిషాలే. ఆ పని కూడా హైస్కనెన్‌కే ఇస్తే మక్‌డేవిడ్ వచ్చేసరికి అతని కాళ్లలో ఏం మిగులుతుంది? కుర్రాళ్లని నమ్మడమంటే వాళ్ల కోసం మాత్రమే కాదు, హైస్కనెన్ కోసం కూడా.

పాత_స్టార్స్_ప్లానో:
టానెవ్ ట్రేడ్ గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. 2024 ఫిబ్రవరిలో కాల్గరీకి గ్రుష్నికోవ్‌ని, ఒక సెకండ్ రౌండ్ పిక్‌ని ఇచ్చాం, పైన ఇంకో షరతు పిక్. టానెవ్ ఆట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒళ్లు అడ్డం పెట్టి షాట్లు ఆపేవాడు. అంత ఆడినా కాన్ఫరెన్స్ ఫైనల్ దాటలేకపోయాం. వేసవి రాగానే టొరంటో ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి తీసుకుపోయింది. మరుసటి ఏడాది మళ్లీ అదే ఖాళీ, ఈసారి సీసీ. ఈ ఏడాది మళ్లీ అదే ఖాళీ. మూడో ఏడాది కూడా డెడ్‌లైన్ దాకా ఆగి ఇంకొకర్ని అద్దెకి తెస్తే, వచ్చే వేసవిలో ఇదే చర్చ మళ్లీ పెట్టుకుంటాం.

ఆ ఖాళీ నింపేవాణ్ణి మనమే తయారుచేసుకోవాలి. వేరే దారి చౌకగా లేదు.

మిస్సిసాగా_మావయ్య:
టానెవ్ మా దగ్గర బాగా ఆడుతున్నాడు, అది వేరే సంగతి. కానీ మావాళ్లు అంతటితో ఆగలేదు. 2025 మార్చిలో బోస్టన్ నుంచి కార్లోని తెచ్చి ఫ్రేజర్ మింటెన్‌ని, 2026 ఫస్ట్ రౌండ్ పిక్‌ని ఇచ్చారు. కుడిచేతి డిఫెండర్ ధర మార్కెట్లో అంత ఉంది. మీ దగ్గర ఇవ్వడానికి పిక్ కూడా లేదు కాబట్టి మీకు ఇంకా ఎక్కువ అవుతుంది.

మాంట్రియల్ వాళ్ల కథ కూడా గుర్తుపెట్టుకోండి. 2009లో స్కాట్ గోమెజ్ కోసం చేసిన ట్రేడ్‌లో ర్యాన్ మక్‌డానా అనే కాలేజీ కుర్రాణ్ణి రేంజర్స్‌కి కలిపి ఇచ్చేశారు. మక్‌డానా 2007లో వాళ్ల 12వ పిక్. వాళ్ల జెర్సీలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. రేంజర్స్‌కి కెప్టెన్ అయ్యాడు, తర్వాత టాంపాతో రెండు కప్పులు.

క్యాప్_లెక్కలు:
నీడర్మయర్, మక్‌డానా, నిస్కనెన్. ముగ్గురిలో ఉన్న ఒక పోలిక గమనించారా? అమ్మిన రోజున ముగ్గురి విలువా ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒకడు ఇంకా పిక్ మాత్రమే. ఒకడు కాలేజీలో ఉన్నాడు. ఒకడు ఫామ్‌లో లేడు. డిఫెండర్‌కి ధర ఎప్పుడూ ఆలస్యంగానే తేలుతుంది. అందుకే కొనేవాడికి లాభం, అమ్మేవాడికి నష్టం. ఆ తేడాని వాడుకోవాలంటే మనం కొనేవాళ్ల వైపు ఉండాలి. 24 ఏళ్లు వచ్చి, ఎక్కడో మూడో జోడీలో ఇరుక్కుపోయిన డిఫెండర్‌ని తక్కువ ధరకి తేవడం. టొరంటో, ఎడ్మంటన్ లాంటి చోట ప్రతి ఏడాదీ ఒకరిద్దరు అలా చిక్కుకుని ఉంటారు.

కప్పు_కావాలి:
ఈ మాట నాకు నచ్చింది. సరే, అందరినీ నేరుగా అడుగుతున్నాను. ఇప్పుడు మన జనరల్ మేనేజర్ జిమ్ నిల్ కుర్చీలో మీరు ఉన్నారు. కుడి వైపు ల్యుబుష్కిన్, లుండ్‌క్విస్ట్, పెట్రోవిక్. ఎడమ వైపు హైస్కనెన్, హార్లీ, లిండెల్, బిక్సెల్. లుండ్‌క్విస్ట్ భుజానికి ఆపరేషన్ అయి సీజన్ మధ్యలోనే ఆగిపోయినవాడు. ఏం చేస్తారు?

ఫ్రిస్కో_బ్లూలైన్:
హైస్కనెన్‌ని కుడి వైపు ఆడిస్తాను. ఎడమచేతివాడైనా ఆ పక్క ఎన్నోసార్లు ఆడాడు, హార్లీతో కలిసి కూడా. లిండెల్ పక్కన ల్యుబుష్కిన్. బిక్సెల్ పక్కన లుండ్‌క్విస్ట్, రాత్రికి కనీసం 15 నిమిషాలు, జనవరి దాకా ఏం జరిగినా మార్చను. ఒక మ్యాచ్ చెడితే బయట కూర్చోబెట్టడం ఉండదు. జనవరిలో ఇంకా ఖాళీ కనబడితే అప్పుడు ట్రేడ్ చూస్తాను. ఇచ్చేది ఫార్వర్డ్‌ని గానీ, 2027 పిక్‌ని గానీ. 22 ఏళ్ల లోపు డిఫెండర్‌ని మాత్రం బల్ల మీదికే రానివ్వను.

పాత_స్టార్స్_ప్లానో:
నాదీ అదే, ఒక్క మార్పు. హార్లీ, హైస్కనెన్‌లని విడదీస్తాను. ఒకరు మంచు మీద లేనప్పుడు ఇంకొకరు ఉండాలి. జనవరి 28న హైస్కనెన్ మోకాలికి దెబ్బ తగిలాక హార్లీ ఒక్కడే పెద్ద నిమిషాలు మోశాడు. ఫిబ్రవరిలో ఫోర్ నేషన్స్ టోర్నీ మధ్యలో కెనడాకి డిఫెండర్ తక్కువైతే కబురొచ్చింది హార్లీకే. కొలరాడో సిరీస్ మొత్తం హైస్కనెన్ లేకుండానే గెలిచాం. అతను ఇప్పుడు ఎవరికీ తోడు కాదు, సొంతంగా ఒక జోడీ నడిపేవాడు.

కొత్తగా_చూస్తున్నా:
కొత్త కోచ్ వచ్చారు కదండీ, గులుట్జన్ గారు. ఆయన కుర్రాళ్లని ఆడిస్తారా?

ఎడ్మంటన్_చలిగాలి:
ఆయన మా దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాడమ్మా. పవర్‌ప్లే ఆయనదే. బారీ వెళ్లాక ఆ చోట ఇంకో వెటరన్‌ని పెట్టకుండా బూషార్డ్‌కి ఇచ్చి, తప్పులు చేసినా తీసేయకుండా ఆడించిన బెంచ్ మీద ఆయన కూడా ఉన్నాడు. అంతకుముందు 2011 నుంచి 2013 దాకా డల్లాస్‌కే హెడ్ కోచ్, కాబట్టి ఊరు ఆయనకి కొత్త కాదు. అయితే డిఫెండర్లని రోజూ చూసుకునే పని ఎక్కువగా అసిస్టెంట్ కోచ్‌దే ఉంటుంది. ఆ కుర్చీలో ఎవరుంటారన్నది బిక్సెల్‌కి హెడ్ కోచ్ కంటే ముఖ్యం.

కప్పు_కావాలి:
నా మాట నేను పూర్తిగా వదులుకోవడం లేదు. మార్చికి ఇంకా మూడో జోడీ తడబడుతుంటే ట్రేడ్ అడుగుతాను, గట్టిగా అడుగుతాను. కానీ బిక్సెల్‌ని ఇచ్చి కాదు. ఇది మాత్రం ఒప్పుకుంటున్నా.

సీడర్‌పార్క్_గ్యాలరీ:
సెప్టెంబర్‌లో ప్రీ సీజన్ మొదలవుతుంది. చూసేవాళ్లు గోల్స్ పక్కన పెట్టి బిక్సెల్ మన మూలలోకి పక్ కోసం వెళ్లేటప్పుడు తల ఎన్నిసార్లు తిప్పుతున్నాడో చూడండి. రెండోసారి తిప్పుతున్నాడా, లేక పక్ అందాక వెతుక్కుంటున్నాడా. ట్రిస్టన్ బెర్టుచి ఆడితే అతన్ని కూడా చూడండి, 2023లో మన సెకండ్ రౌండ్ పిక్. ఈ శీతాకాలం అతను మా ఊళ్లోనే ఆడితే మ్యాచ్‌లకి వెళ్లి ఇక్కడ రాస్తుంటాను.